ఆడనన్న కుర్రాడు, ఆడించిన నేను

ఆ రోజు కాలేజీ బీరువా తాళంచెవి జేబులో వేసుకుని ఆటకి వెళ్ళాను. ఆ బీరువాలో ఒక కుర్రాడి సర్టిఫికెట్లు ఉన్నాయి. అడిగిన రోజునే అతని చేతికి ఇచ్చెయ్యాల్సినవి. ఇవ్వలేదు. ఫైనల్ ఆడాక ఇస్తానన్నాను. నేను చేసిన తప్పు అది. ఫైనల్ రోజు మధ్యాహ్నం ఇంకొకటి కూడా చేశాను. దాని సంగతి దాని చోట చెబుతాను.

కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళకి పైగా ఫిజికల్ డైరెక్టరుగా, అంటే పి.డి.గా, పనిచేసి రిటైరయ్యాను. కాలేజీ పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో ఉన్న చిన్నవాళ్ళు అప్పుడప్పుడూ నన్ను పిలిచి, "మీ రోజుల్లో గెలిచిన షీల్డుల గురించి చెప్పండి సార్" అంటారు. గెలిచిన వాటి గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను ఇది చెబుతాను. గెలిచిన షీల్డు గురించే లెండి ఇది కూడా.

ముందు ఆ బీరువా ఎందుకొచ్చిందో చెప్పాలి. మా ఆటగాళ్ళలో సగంమంది లంక గ్రామాల పిల్లలు. గోదారికి వరదొస్తే వాళ్ళ ఇళ్ళలో మోకాటిలోతు నీళ్ళు. బియ్యం, పొయ్యి, కోళ్ళు మంచం మీదికి ఎక్కుతాయి గాని, గోడకి తగిలించిన సంచిలో కాగితాలు ఎవరికి గుర్తుంటాయి? నేను చేరిన రెండో ఏడు వాలీబాల్ ఆడే ఒక అమ్మాయి తన యూనివర్సిటీ సర్టిఫికెట్టు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. సంతకాలు నీలం మరకలైపోయాయి. దానికి మరో ప్రతి ఇప్పించడానికి నాలుగుసార్లు విశాఖపట్నం తిరిగాను. అప్పట్నుంచి పిల్లల ఒరిజినల్స్ అన్నీ నా గదిలో ఇనప బీరువాలో పెట్టించడం మొదలెట్టాను. తల్లిదండ్రులు కూడా, "మీ దగ్గరుంటే బ్యాంకులో ఉన్నట్టేనండి" అనేవారు. మంచి ఉద్దేశంతోనే మొదలుపెట్టిన పని. పాతికేళ్ళు అలా పిల్లల కాగితాలు ఒకడి చేతిలో ఉంటే ఆ మనిషికి ఏమవుతుందో నాకు తట్టలేదు.

ఇక ఆ టోర్నమెంటు. క్రిస్మస్ మర్నాటి నుంచి మూడు రోజులు, ముమ్మిడివరం వైపు ఒక ఊరి హైస్కూలు గ్రౌండులో కాలేజీ జట్లకి కబడ్డీ పోటీలు జరిగేవి. ఎనిమిది కాలేజీలని పిలిచేవారు. పిలుపు వచ్చిందంటేనే ఆ ఏడు కాలేజీకి పరువు. నేను విద్యార్థిగా ఆడిన రోజుల్లో బరి పక్కన నాలుగు చెక్క కుర్చీలు వేసేవారు. వాటిలో పోలీసుశాఖ నుంచి ఒకరు, రైల్వే నుంచి ఒకరు, పోర్టు నుంచి, చక్కెర ఫ్యాక్టరీ నుంచి ఒక్కొక్కరు కూర్చునేవారు. ఫైనల్ అయ్యాక వాళ్ళలో ఎవరైనా, "ఏ ఊరబ్బాయ్ నీది? ఎంతవరకూ చదివేవు?" అని అడిగితే ఆ ఇంట్లో పొయ్యి మీద అన్నం ఖాయమైనట్టే. నన్ను ఆ నలుగురిలో ఎవరూ పిలవలేదు. వెనక వరసలో నిలబడి చూసిన ఒక ప్రిన్సిపాల్ గారు పిలిచి, వ్యాయామ విద్య చదవమని దారి చూపించారు. నా ఉద్యోగం, నా ఇల్లు, నా పిల్లల చదువులు అన్నీ ఆ బరిలోంచి వచ్చినవే. అందుకే ఆ టోర్నమెంటుని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఒళ్ళు మండేది.

అయితే ఆ నాలుగు కుర్చీల్లో మనుషులు మారిపోయారు. ప్రభుత్వ ఉద్యోగాలకి ఫలానా స్థాయి పోటీల సర్టిఫికెట్లే చెల్లుతాయని నియమాలొచ్చాయి. మా టోర్నమెంటు కాగితం ఆ జాబితాలో లేదు. కబడ్డీకి దేశమంతా టీవీలో చూసే లీగు వచ్చింది. వాళ్ళు కుర్రాళ్ళని ఎంచుకోవాలంటే సెలక్షన్లు పెట్టుకుంటారు, వీడియోలు చూస్తారు, మా ఊరి గ్రౌండుకి రారు. చెక్క కుర్చీల చోట తెల్ల తువ్వాళ్ళు కప్పిన సోఫాలొచ్చాయి. వాటిలో దాతలు, నాయకులు, రొయ్యల చెరువుల ఆసాములు కూర్చునేవారు. మట్టి బరి పోయి మ్యాట్ వచ్చింది, ఫోన్లలో లైవ్ వచ్చింది, ఫ్లెక్సీలు తాటిచెట్టంత అయ్యాయి. ఏటేటా జనం పెరిగారు. ఆడే కుర్రాడికి మాత్రం అక్కడ దొరికేది ఏటేటా తగ్గిపోయింది. అది పిల్లలకి అర్థమైంది. నాకు కాలేదు.

మొదటిసారి ఆడనన్నవాడు మా జట్టులో మూలన నిలబడి, కూతకొచ్చినవాళ్ళ కాళ్ళు పట్టుకుని ఆపే కుర్రాడు. కానిస్టేబుల్ పరుగు పరీక్ష దగ్గర్లో ఉంది. "కాలు బెణికితే పరుగు పోద్ది సార్" అన్నాడు. జట్టు మొత్తం ముందు, "గాజు బొమ్మవిరా నువ్వు. దూది చుట్టి అట్టపెట్టెలో పెట్టుకోమను మీ అమ్మని" అన్నాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు, ఆడలేదు. పరీక్ష పాసయ్యాడు. ఇప్పుడు ఎక్కడైనా కనబడితే బండి ఆపి సెల్యూట్ చేస్తాడు. దాన్నుంచైనా నేను ఏమీ నేర్చుకోలేదు. మరుసటేడు ఇద్దరు మానేశారు. మిగతా కాలేజీల్లోనూ అంతే. పి.డి.లందరం టీ దగ్గర కలిస్తే, "ఈసారి మీ జట్టుకి కుడిచెయ్యి రాలేదా, ఎడంచెయ్యి రాలేదా మేష్టారూ?" అని ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్ళం.

ఇప్పుడు ఆ కుర్రాడి గురించి. పి.గన్నవరం అక్విడక్టు దాటి లోపలికి వెళితే వాళ్ళ లంక. తండ్రి లేడు. తల్లి ఎనిమిదేళ్ళుగా కువైట్లో ఒక ఇంట్లో వంటపని. అమ్మమ్మ పెంచింది. సన్నగా, నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. కూతకి వెళ్ళాడంటే నలుగురు చుట్టుముట్టినా జారిపోయి వచ్చేవాడు. రిటైరైనా రోజూ వచ్చి మా గ్రౌండు చూసుకునే అటెండరు నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఆ పెద్దాయన అతన్ని చేతికి చిక్కకుండా జారిపోయే చేప పేరు పెట్టి, బొమ్మిడాయి అని పిలిచేవాడు. "బూడిద రాసుకోకుండా వీణ్ణి పట్టుకోవడం ఎవడి తరమండి?" అని మురిసిపోయేవాడు.

ఆ ఏడు శీతాకాలం మొదట్లో లీగులో ఒక జట్టువాళ్ళు విశాఖపట్నంలో కుర్రాళ్ళకి సెలక్షన్లు పెట్టారు. మా బొమ్మిడాయి వెళ్ళాడు. డిసెంబరులో ఫోనుకి ఉత్తరం వచ్చింది. కొత్త సంవత్సరం రెండో రోజున పూణే దగ్గర క్యాంపులో ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావాలి. నెల్లాళ్ళు చూసి, నచ్చితే రెండేళ్ళకి కాంట్రాక్టు రాస్తారు. వాళ్ళమ్మ కాంట్రాక్టు మార్చిలో అయిపోతోంది. ఆవిడ మళ్ళీ సంతకం పెట్టాలా, ఇంటికి రావాలా అన్నది ఆ క్యాంపు మీద ఆధారపడి ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. అతనే చెప్పాడు. ఉత్తరం చూపిస్తూ, "అమ్మని తెచ్చేసుకుంటానండి ఇంక" అన్నాడు. భుజం తట్టాను కూడా.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు నా గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సార్, ఈసారి నేను ఆడనండి."

"ఎక్కడ?"

"టోర్నమెంటండి. క్యాంపుకి వెళ్ళగానే డాక్టరుగారు మోకాళ్ళూ భుజాలూ అన్నీ చూస్తారంటండి. ఏ కాస్త దెబ్బున్నా వెనక్కి పంపేస్తారంట. అక్కడున్నాయన ఫోన్లో చెప్పేరండి, ఈ పది రోజులూ ఎక్కడా ఆడొద్దని."

అప్పటికి మేము వరసగా రెండేళ్ళు గెలిచాం. మూడోసారి గెలిస్తే ఆ షీల్డు తిరిగి ఇవ్వక్కర్లేదు, శాశ్వతంగా కాలేజీదే. ఆ టోర్నమెంటు పెట్టినప్పట్నుంచి ఏ కాలేజీకీ అది దక్కలేదు. నా రిటైర్మెంటు ఇంక రెండేళ్ళుంది.

"నీకు కూత నేర్పిందెవర్రా?" అన్నాను.

"మీరేనండి."

"ఆ కాళ్ళకున్న బూట్లు?"

"మీరే కొన్నారండి." వంగి బూట్ల వంక చూసుకున్నాడు.

"మరి మూడు రోజులు కాలేజీకి ఆడటానికి నొప్పా?"

"నొప్పి కాదండి..." అన్నాడు. బీరువా వంక చూసి, "సర్టిఫికెట్లు ఇప్పించండి సార్. జిరాక్సులు తీయించుకోవాలండి" అన్నాడు.

బీరువా నా వెనకే ఉంది. లేచి రెండడుగులు వేస్తే సరిపోయేది.

"ఫైనల్ అయ్యాక తీసుకుందువుగాని. కాలేజీకి తిరిగి రాగానే నా చేత్తోనే ఇస్తాను."

"ఒకవేళ ఆడకపోతేనండి?"

"అప్పుడు చూద్దాం."

ఇవ్వనని నేను అనలేదు. అనలేదు కదా అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కాని "అప్పుడు చూద్దాం" అన్నప్పుడు అతని మొహం ఎలా మారిందో చూశాను. ఎదురుగా నిలబడి ఉన్నాడు, చూడకుండా ఎలా ఉంటాను? వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం కువైట్‌కి ఫోన్ చేశాను. పిల్లలందరి ఇళ్ళ నంబర్లూ నా దగ్గర ఉండేవి. ఆవిడ ఎత్తగానే వెనకాల గిన్నెల చప్పుడు వినిపించింది.

"మేష్టారాండి! బాగున్నారాండి? మా వాడేమైనా అల్లరి చేసేడాండి?"

"అల్లరేం లేదమ్మా. టోర్నమెంటు ఆడనంటున్నాడు. నువ్వొక్క మాట చెప్పాలి."

"అదేదో క్యాంపుందని చెప్పేడండి మరి. దానికేమైనా ఇబ్బంది వస్తుందాండి?"

"దానికీ దీనికీ సంబంధం లేదమ్మా. మూడు రోజుల ఆట. నేను పక్కనే ఉంటాను కదా."

"ఆయ్. మీరు పక్కనుంటే ఇంకేంటండి. వాడికి ఇప్పుడే చెబుతానండి, మేష్టారి మాట తీసెయ్యొద్దని."

చెప్పింది. క్రిస్మస్ మర్నాడు ఉదయం కాలేజీ గేటు దగ్గర బస్సు ఎక్కేటప్పటికి అతను సంచితో నిలబడి ఉన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

మొదటి రెండు రోజులూ చక్కగా ఆడాడు. ఎవరి మీదా కోపం చూపించలేదు. రాత్రి స్కూలు గదిలో పడుకోబోయే ముందు మోకాళ్ళకి వేడి నీళ్ళ గుడ్డ కట్టుకోవడం మాత్రం చూశాను. ఆ జాగ్రత్త చూసి మా పెద్దాయన, "బొమ్మిడాయి పెళ్ళికొడుకయ్యేడండి, నలుగు పెట్టుకుంటన్నాడు" అన్నాడు. కుర్రాడు కూడా నవ్వాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఫైనల్. అవతలి కాలేజీ మాకన్నా గట్టి జట్టు. కాని ఆ పి.డి. తన ఇద్దరు మంచి ఆటగాళ్ళని తీసుకురాలేదు. ఒకడికి ఆర్మీ పరుగు ఉందట, ఇంకొకడికి రైల్వే సెలక్షన్లు. వాళ్ళ బదులు మొదటి సంవత్సరం పిల్లలని దింపాడు. "ఏం చేస్తామండి, వాళ్ళ బతుకులు వాళ్ళవి" అన్నాడు నాతో. ఆయన్ని చూసి జాలిపడ్డాను. పిల్లలని అదుపులో పెట్టుకోవడం చేతకాని మనిషి అనుకున్నాను.

ఆట ఏకపక్షం అయిపోయింది. ఎనిమిది నిమిషాల ఆట ఉందనగా మేము పద్నాలుగు పాయింట్లు ముందున్నాం. అప్పుడు బొమ్మిడాయి బెంచీ వైపు చూశాడు. నోటితో అడగలేదు. చూశాడంతే. పెద్దాయన నా పక్కకి జరిగాడు.

"తీసెయ్యండి సార్ కుర్రోణ్ణి. ఆట అయిపోయింది కదండి. ఇంకెందుకండి ఆడించడం?"

నిజమే అనిపించింది. బదులు దిగాల్సిన పిల్లాణ్ణి లేపి, రిఫరీకి చెయ్యి ఎత్తి చూపించాను.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర డప్పులు మొదలయ్యాయి. ముఖ్య అతిథి కారు వచ్చింది. రెండింటికి వస్తారన్న మనిషి నాలుగు దాటాక వచ్చాడు. మైకు మనిషి గొంతు మారిపోయింది: "మన గ్రౌండుకి విచ్చేసిన పెద్దలకి స్వాగతం! ఇప్పుడు చూడబోతారండీ, లీగుకి వెళ్ళబోయే మన కోనసీమ బిడ్డ కూత! రెండు కళ్ళూ చాలవండీ!" కమిటీ ప్రెసిడెంటు రొయ్యల చెరువుల ఆసామి. పంచె ఎగ్గట్టుకుని పరుగులాంటి నడకతో మా బెంచీకి వచ్చాడు.

"మేష్టారండి, మేష్టారండి, ఆ పొడుగు కుర్రోణ్ణి తీసెయ్యకండి. ఆయన చూడ్డానికొచ్చిందే ఆడి కోసం. రెండంటే రెండు కూతలు పంపండి. తరవాత మీ ఇష్టం."

ఎత్తిన చెయ్యి దించేశాను. రిఫరీ సరేనన్నట్టు తలూపాడు. లేచి నిలబడ్డ పిల్లాడు మళ్ళీ కూర్చున్నాడు. పెద్దాయన నా వంక చూడకుండా బెంచీ చివరికి వెళ్ళిపోయాడు. నేను చేసిన రెండో తప్పు అది. మొదటిదానికైనా షీల్డు అన్న సాకు ఉంది. దీనికి అదీ లేదు. సోఫాలో కూర్చోబోతున్న ఒక మనిషి చూడాలని, అంతే.

మొదటి కూతకి రెండు పాయింట్లు తెచ్చాడు. సోఫాలోంచి చప్పట్లు. రెండో కూతకి వెళ్ళాడు. ఆ మొదటి సంవత్సరం పిల్లల్లో ఒకడు భయపడుతూనే చీలమండ పట్టుకున్నాడు. బాగా నేర్చినవాడైతే ఎప్పుడు వదలాలో తెలుస్తుంది. వాడికి తెలియదు. అదే క్షణంలో ఇంకొకడు పక్కనుంచి మీద పడ్డాడు. పాదం అక్కడే ఉండిపోయింది, మోకాలు తిరిగింది. "కబడ్డీ కబడ్డీ" అంటున్న గొంతు మధ్యలో ఆగిపోయింది. అరవలేదు. ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు మాత్రం బెంచీ దాకా వినబడింది. కాలు పట్టుకున్న పిల్లాడు చేతులు తీసేసి, "అన్నా, అన్నా" అంటూ మ్యాట్ మీదే కూర్చుండిపోయాడు.

ఆటోలో వెనక సీట్లో అతన్ని పడుకోబెట్టి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కాళ్ళు పెద్దాయన ఒళ్ళో. అమలాపురం వెళ్ళేదాకా అతను ఒక్కటే మాట అడిగాడు.

"సార్, రెండో తారీకుకి నడవగలనాండి?"

"నడుస్తావురా" అన్నాను.

పెద్దాయన రోడ్డు వైపు తల తిప్పుకున్నాడు. మోకాలు అప్పటికే కొబ్బరిబొండమంత అయింది.

మేము లేకుండానే జట్టు గెలిచింది. షీల్డు స్టేజీ మీద ఎవరు అందుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

మోకాలి లోపల లిగమెంటు పూర్తిగా తెగిందన్నారు. కాకినాడలో ఆపరేషన్ చేయించాం. నేను పూణేకి ఫోన్ చేశాను. అవతలి కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. అయ్యో అన్నాడు, త్వరగా కోలుకోవాలన్నాడు, జాబితాలో తర్వాతి అబ్బాయికి అప్పటికే కబురు పెట్టామన్నాడు. మర్నాడు సర్టిఫికెట్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. కుర్రాడు నిద్రపోతున్నాడు. వాళ్ళ అమ్మమ్మకి ఇచ్చాను. అవేమిటో ఆవిడకి తెలియదు. మేష్టారు ఇచ్చారు కాబట్టి విలువైనవే అయి ఉంటాయనుకుంది. రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది.

మార్చిలో వాళ్ళమ్మ ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టింది.

ఆ నెలలోనే బీరువా ఖాళీ చేశాను. నీళ్ళు దూరని ప్లాస్టిక్ కవర్లు తెప్పించి, ఒక్కొక్క పిల్లనీ పిల్లాణ్ణీ పిలిచి ఎవరి కాగితాలు వాళ్ళకి ఇచ్చేశాను. వాళ్ళకి అర్థం కాలేదు. "మేమేం చేసేం సార్?" అని భయపడ్డారు కూడా. పి.డి.ల సమావేశంలో లేచి నేను చేసింది చెప్పాను. ఆడనన్నవాణ్ణి ఎందుకని అడగొద్దు, వాడి కాగితాలు మన దగ్గర ఉండొద్దు అన్నాను. కొందరు తలలూపారు. ఒకాయన, "అలా వదిలేస్తే జట్లే ఉండవండి" అన్నాడు. ఉండకపోవచ్చు. మరుసటేడు మా జట్టులో ముగ్గురు మేం ఆడలేమన్నారు. రావులపాలెం దాకా వెళ్ళి వాళ్ళని సెలక్షన్ల బస్సు నేనే ఎక్కించాను. మిగిలిన వాళ్ళతో వెళ్ళి మొదటి ఆటలోనే ఓడిపోయి వచ్చాం. ప్రిన్సిపాల్ గారు సంజాయిషీ అడిగారు. రాసిచ్చాను.

అతన్ని ప్రతి సోమవారం రాజమండ్రి తీసుకెళ్ళి మోకాలికి వ్యాయామం చేయించేవాణ్ణి. ఎనిమిది నెలలు. బస్సులో అతను కిటికీ దగ్గర కూర్చునేవాడు, నేను పక్కన. నడక వచ్చింది, పరుగు కూడా వచ్చింది. ఆ జారిపోవడం మాత్రం రాలేదు. కాలు తిప్పబోయే ముందు ఒక క్షణం ఆలోచించేవాడు. కబడ్డీలో ఆ క్షణం ఉండకూడదు. ఒక సోమవారం తిరిగి వస్తూ జొన్నాడ వంతెన మీద ఉండగా ఎవరూ అడక్కుండానే అన్నాడు:

"మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోందండి. నేనే ఆడమన్నాను, నా నోటితోనే నాశనం చేసేను అంటదండి. నువ్వు చెప్పకపోయినా ఆడేవాణ్ణేనమ్మా అంటే నమ్మదండి."

"సర్టిఫికెట్ల సంగతి చెప్పలేదా?" అన్నాను.

"మీ గురించి ఇంట్లో అలా ఎలా చెబుతానండి?" అన్నాడు.

కండక్టరు వచ్చి టికెట్లు అడిగాడు. నేను చూపించాను. అంతటితో ఆ మాట అయిపోయింది. చిన్నవాళ్ళకి నేను చెప్పాలనుకున్నదాంట్లో అన్నిటికన్నా సిగ్గుపడేది ఇదే. ఆ తల్లి ఎందుకు ఏడుస్తోందో విన్నాను, ఆపే మాట నా దగ్గర ఉంది, అయినా ఏడాదిన్నర నోరు విప్పలేదు. ఫోన్ నంబరు లేక కాదు. ఆట ఆడించడానికి ఒక్క సాయంత్రంలో చేసిన ఫోను, నిజం చెప్పడానికి చెయ్యలేకపోయాను. రిటైరవ్వనీ, ఆవిడ ఊరికి రానీ, ఎదురుగా చెప్పాలి కదా అని సాకులు వెతుక్కున్నాను.

రిటైరైన మరుసటి నెలలో ఆవిడ వచ్చిందని తెలిసింది. ఉదయమే బయల్దేరి వెళ్ళాను. కుర్రాడు కొబ్బరి కొట్టుకి పనికి వెళ్ళడానికి సైకిల్ తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి లోపలికి కేక వేశాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, అరుగు మీద దుప్పటి పరిచి కూర్చోమంది. అప్పటిదాకా ఫోనులోనే విన్న గొంతు. మనిషి నేననుకున్నదానికన్నా చాలా చిన్నది.

"మా వాణ్ణి సొంత బిడ్డలాగ ఆసుపత్రులకి తిప్పేరంటండి. మీ రుణం ఎలా తీర్చుకోవాలండి" అంది. అని, తల దించుకుంది. "తప్పంతా నాదేనండి. మీరు ఏదో అడిగేరు. కన్నదాన్ని, నేనైనా ఆలోచించాలి కదండి. ఆడొద్దురా అనుంటే..."

"అమ్మా, ఆగు" అన్నాను.

చెప్పాను. క్రిస్మస్‌కి ముందు అతను నా గదికి వచ్చి ఆడనన్నది చెప్పాను. సర్టిఫికెట్లు అడిగితే ఇవ్వనిది చెప్పాను. అవి లేకుండా ఆ క్యాంపు గేటు కూడా దాటనివ్వరని నాకు తెలిసే ఆపానని చెప్పాను. క్యాంపుకీ ఆటకీ సంబంధం లేదని ఆవిడకి ఫోనులో చెప్పింది అబద్ధమని చెప్పాను. తీసేద్దామని ఎత్తిన చెయ్యి ఎవరి కోసం దించానో చెప్పాను.

కుర్రాడు సైకిల్ తుడవడం ఆపి అక్కడే నిలబడిపోయాడు.

"అయితే నేను ఆడొద్దన్నా ఆడేవాడేనాండి?" అంది ఆవిడ.

"ఆడేవాడమ్మా. వాడికి నేను ఇంకో దారి ఉంచలేదు."

"మరి నాకెందుకు ఫోన్ చేసేరండి?"

"నేను బలవంతం చెయ్యలేదని అనిపించుకోవడానికి."

ఆవిడ కొడుకు వంక తిరిగి, "అవునేంట్రా?" అంది. అతను అవునన్నట్టు తల ఊపాడు. తిట్టిపోస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. లేచి లోపలికి వెళ్ళి, మంచంలో ఉన్న వాళ్ళమ్మని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకొచ్చింది. ఆసుపత్రిలో నా చేతిలోంచి కాగితాలు అందుకున్న ముసలావిడే. తీసుకొచ్చి గుమ్మంలో కూర్చోబెట్టింది.

"రెండేళ్ళ నుంచి మా అమ్మ నాతో సరిగ్గా మాట్లాడదండి. దూరాన కూర్చుని మనవడి కాలు ఇరగ్గొట్టించేనని" అంది. "ఇప్పుడు చెప్పింది ఇంకోసారి చెప్పండి. మా అమ్మకి చెవులు సరిగ్గా వినబడవు. గట్టిగా చెప్పండి."

పక్కింటి వాళ్ళు కంచె దగ్గరికి వచ్చి చూస్తున్నారు. నేను అరుగు మీంచి లేచి నిలబడి, ఆ ముసలావిడకి వినబడేలా మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.